క్రిష్ణ అని కొడితే కృష్ణ రావడం లేదు: తెలుగు పేర్ల వెతుకులాటలో దగ్గరి పోలికలు

ఉప్పుగాలి | సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. రక్తపరీక్షా కేంద్రాలకూ చిన్న క్లినిక్కులకూ రోగుల నమోదు ప్రోగ్రాము తయారుచేసి ఇస్తాము. పేరు, ఊరు, వయస్సు, ఫోను నంబరు అన్నీ తెలుగులోనే ఎక్కించే వీలు కల్పించాము. నమోదు పట్టికలో ఇప్పుడు లక్షకు పైగా పేర్లున్నాయి.

చిక్కు వెతుకులాట దగ్గర వస్తున్నది. పాత నమోదులో ఉన్న వర్ణక్రమానికీ, ఈ రోజు కౌంటర్‌లో కొట్టిన దానికీ ఒక్క గుర్తు తేడా ఉన్నా ‘ఎవరూ లేరు’ అని వస్తుంది. కౌంటర్‌లోని వారు వెంటనే కొత్త నమోదు తెరుస్తారు. అలా ఒకే మనిషికి రెండు మూడు రోగి సంఖ్యలు ఏర్పడి, పాత రిపోర్టు ఒకచోట, కొత్తది మరొకచోట ఉండిపోతున్నాయి. డాక్టరుగారు పోయిన ఏడాది చక్కెర ఎంత ఉందని అడిగితే చెప్పేవారుండరు.

దీనికి మందుగా లూసీన్ అనే శోధన లైబ్రరీ మీద నడిచే ఎలాస్టిక్‌సెర్చ్ ఇంజన్‌లో ఫజీ వెతుకులాటను, అంటే కొంచెం తేడా ఉన్న పదాలను కూడా దొరికించే పద్ధతిని, ఎంత తేడా ఒప్పుకోవాలో పదం పొడవును బట్టి ఇంజనే నిర్ణయించుకునే ఆటో అమరికతో పెట్టాము. ఇప్పుడు సీత అని కొడితే గీత కూడా వస్తున్నది, రాజు అని కొడితే రాము కూడా వస్తున్నాడు. క్రిష్ణ అని కొడితే మాత్రం కృష్ణ రావడం లేదు. అంటే వేరే మనిషి దొరుకుతున్నాడు, ఆ మనిషే దొరకడం లేదు. అమరిక మార్చాలా, పద్ధతే మార్చాలా అన్నది పెద్దలు చెప్పగలరు.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 10:55

ఉదాహరణలు ఇచ్చేటప్పుడు రోగుల పూర్తి పేర్లు గానీ, ఇంటిపేర్లు గానీ ఎవరూ రాయవద్దని మనవి. విడి పేర్లు చాలు.

పాతపోస్టాఫీసు | సోమవారం, మధ్యాహ్నం 12:15

ఉప్పుగాలి గారూ, మీ ఇంజన్ తన నియమాన్ని తూచా తప్పకుండా పాటిస్తున్నది. ఆ నియమం తెలుగును దృష్టిలో పెట్టుకుని రాసినది కాకపోవడమే సమస్య.

ఫజీ వెతుకులాట వెనుక ఉన్నది లెవెన్‌స్టైన్ దూరం. వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో రష్యన్ భాషలో ప్రచురించిన పరిశోధనలో దీనికి మూలం ఉంది. ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి ఒక గుర్తును చేర్చడం, తీసివేయడం, మరొక దానితో మార్చడం అనే మూడు పనులలో మొత్తం ఎన్ని చేయవలసి వస్తుందో ఆ సంఖ్యే దూరం. అంతకు ఒక ఏడాది ముందే, అంటే 1964లో, ఫ్రెడరిక్ డామెరౌ వర్ణక్రమ దోషాలను పరిశీలించి, వాటిలో 80 శాతానికి పైగా ఒకే ఒక్క పొరపాటు వల్ల వచ్చినవేనని చూపించాడు. పక్కపక్క గుర్తులు తారుమారు కావడాన్ని కూడా ఆయన ఒకే పొరపాటుగా లెక్కవేశాడు. ఒకటి, మహా అయితే రెండు మార్పులు చాలునన్న నేటి అలవాటుకు బలం అక్కడి నుంచే వచ్చింది. లూసీన్ కూడా రెండుకు మించి అనుమతించదు.

ఇప్పుడు ఆటో నియమం చూడండి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఆటో అంటే పదంలో రెండు గుర్తుల వరకు ఉంటే అచ్చంగా సరిపోవాలి, మూడు నుంచి ఐదు వరకు ఉంటే ఒక మార్పు, ఐదు దాటితే రెండు మార్పులు ఒప్పుకుంటుంది. ఈ లెక్కలో గుర్తు అంటే యూనికోడ్ గుర్తు, అంటే అన్ని భాషల లిపులనూ కంప్యూటర్‌లో దాచే ప్రమాణంలో విడిగా సంఖ్య ఉన్న గుర్తు. మనం అక్షరం అనుకునేది కాదు. సీత అన్న పేరులో మనకు రెండక్షరాలు కనబడతాయి. యంత్రానికి స, దీర్ఘపు గుర్తు, త అని మూడు కనబడతాయి. మూడు ఉన్నాయి కనుక ఒక మార్పుకు అనుమతి దొరికింది, స స్థానంలో గ వచ్చి గీత వచ్చేసింది. రాజులో నాలుగు గుర్తులున్నాయి, అందువల్ల రాము వచ్చాడు. రెండక్షరాల పేరులో ఒక అక్షరం మార్చడమంటే సగం పేరు మార్చడమే కదా!

సున్నాపొల్లు | సోమవారం, మధ్యాహ్నం 1:30

పాతపోస్టాఫీసు గారు సీత సంగతి చెప్పారు, నేను కృష్ణ సంగతి చెబుతాను. కృష్ణ అన్న పేరు యూనికోడ్‌లో క, ఋత్వం, ష, పొల్లు, ణ అని ఐదు గుర్తులు. క్రిష్ణ అంటే క, పొల్లు, ర, గుడి, ష, పొల్లు, ణ అని ఏడు గుర్తులు. మొదటి దానిని రెండవ దానిగా మార్చడానికి ఋత్వం స్థానంలో పొల్లు పెట్టాలి, ర చేర్చాలి, గుడి చేర్చాలి; మొత్తం మూడు మార్పులు. అనుమతి రెండింటికే కనుక ఎటునుంచి కొట్టినా దొరకదు. చెవికి దాదాపు ఒకటిగా వినిపించేవి యంత్రానికి సీతకూ గీతకూ ఉన్న దూరానికి మూడింతల దూరంలో ఉన్నాయి.

దూరం సంగతి ఎత్తకముందే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. తెరమీద తేడా లేకుండా కనబడే రెండు పేర్లు లోపల వేరువేరు గుర్తులతో ఉండవచ్చు. వైజాగ్ అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, లేదా ఎత్వం తరువాత ఐత్వపు పొడవు గుర్తు అని రెండుగా దాచవచ్చు. యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. వాటిని ఒకే రూపానికి తెచ్చే పని ఎన్‌ఎఫ్‌సి అనే నార్మలైజేషన్ చేస్తుంది, ఎక్కువగా వాడే ప్రోగ్రామింగ్ భాషలలో అది సిద్ధంగా దొరుకుతుంది. ఆ పని చేయకపోతే కంటికి ఏ తేడా లేని చోట దూరం రెండు అని వస్తుంది.

ఇంతకంటే తరచుగా తగిలేది జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని విడదీత గుర్తు. నగర్ పక్కన లో చేర్చినప్పుడు రకారం కింద లకారం ఒత్తుగా దిగిపోకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే ప్రతి పదం చివరా దానిని తగిలిస్తాయి. మురళీనగర్ అన్న పేరు ఒక నమోదులో ఆ గుర్తుతోనూ, మరొక నమోదులో అది లేకుండానూ ఉంటుంది. వెతకడానికి వాడే ప్రతిలో దానిని పూర్తిగా తీసివేయండి. మనుషులు చదివే ప్రతిలో మాత్రం ముట్టుకోవద్దు.

యారాడ | సోమవారం, సాయంత్రం 6:05

ఇంత లోతుకు వెళ్లడం ఎందుకు? ధ్వనిని బట్టి పేర్లను కలిపే సౌండెక్స్ ఉండనే ఉంది. పేర్లను ఇంగ్లీషు లిపిలోకి మార్చి సౌండెక్స్ కట్టేస్తే సరిపోదా? లేదంటే ఈ మధ్య అందరూ వాడుతున్న వెక్టర్ శోధన పెట్టేయవచ్చు కదా?

పాతపోస్టాఫీసు | సోమవారం, రాత్రి 8:20

యారాడ గారూ, సౌండెక్స్‌ను రాబర్ట్ రస్సెల్, మార్గరెట్ ఓడెల్ అమెరికాలో రూపొందించారు. దాని పేటెంట్లు 1918, 1922 నాటివి. అక్కడి జనాభా లెక్కల నమోదులలో ఇంటిపేర్లను వెతకడానికి అది బాగా పనికివచ్చింది. పదంలోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తరువాతి హల్లులను ఆరు గుంపులుగా చేసి మూడు అంకెలు ఇస్తుంది, అచ్చులను వదిలేస్తుంది. మొదటి అక్షరాన్ని ముట్టుకోకపోవడమే మన దగ్గర దెబ్బతీస్తుంది. మన వాల్తేరునే తీసుకోండి. ఆంగ్లేయుల నాటి వర్ణక్రమం డబ్ల్యూతో మొదలవుతుంది, తెలుగు పలుకుబడిని బట్టి రాసేవారు వితో మొదలుపెడతారు. మొదటి దానికి డబ్ల్యూ 436, రెండవ దానికి వి 436 వస్తాయి. అంకెలన్నీ సరిపోయినా కోడ్ సరిపోదు.

అచ్చులను వదిలేయడం ఇంకా ప్రమాదం. తెలుగు పేర్లలో ఆడ మగ తేడా చాలాసార్లు చివరి అచ్చులోనే ఉంటుంది. రమణ, రమణి రెండూ సౌండెక్స్‌కు ఒకటే. పైగా తెలుగు నుంచి రోమను లిపికి మార్చేటప్పుడే ఒకరు ఒక విధంగా, మరొకరు ఇంకొక విధంగా రాస్తారు. లేని గందరగోళాన్ని మనమే తెచ్చుకున్నట్లవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోని సౌండెక్స్, దాని వంటిదే అయిన మెటాఫోన్ ఫంక్షన్లు యూటీఎఫ్-8 వంటి బహుబైటు ఎన్‌కోడింగ్‌లతో, అంటే ఒక గుర్తును ఒకటి కంటే ఎక్కువ బైట్లలో దాచే పద్ధతులతో, సరిగా పనిచేయవని దాని పత్రాలలోనే రాసి ఉంది. అందువల్ల తెలుగు లిపిలో నేరుగా వాటిని వాడే దారి కూడా లేదు.

వెక్టర్ శోధన అర్థంలో దగ్గరగా ఉన్నవాటిని కలుపుతుంది. జ్వరం అని వెతికితే ఒళ్లు కాలడం గురించిన వాక్యం దొరకాలంటే అది కావాలి. పైడిరాజు, పైడితల్లి అర్థంలో చుట్టాలే అయినా మనుషులు వేరు.

కొండవాలు | మంగళవారం, ఉదయం 7:10

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. చాలాకాలం కళాశాలలో తెలుగు చెప్పినవాడిని. ఈ చర్చలో తప్పు అన్న మాటను అందరూ కొంచెం ధారాళంగా వాడుతున్నారు. క్రిష్ణ అని రాసినవారు మీట జారి రాయలేదు, తాము పలికినట్లు రాశారు. తెలుగులో ఇటువంటి రూపభేదాలకు చాలావరకు నియమం చెప్పవచ్చు. నియమం చెప్పగలిగిన చోట దూరం కొలవవలసిన పని లేదు, రెండింటినీ ఒకే రూపానికి తెచ్చి పోల్చుకోవచ్చు.

ఋకారంతో మొదలుపెడితే, రుషికొండ అనీ ఋషికొండ అనీ రెండు విధాలుగా రాస్తారు. హల్లు మీద ఋత్వం ఉంటే కృష్ణ, క్రుష్ణ, క్రిష్ణ అని మూడు దారులు. ఈ మూడింటినీ ఒకటిగా చూడాలి. శ, ష, స మూడింటినీ కలిపివేయండి. శేషు, సేషు, శేసు అన్నీ చూశాను. ణ, న కలపాలి. ళ, ల కలపాలి. బండి ఱ ఎక్కడైనా కనబడితే మామూలు ర చేయాలి. ఒత్తు అక్షరాలను వాటి అల్పప్రాణాలతో కలపాలి, కానీ థ దగ్గర ఆగండి. వరుసను బట్టి థకు జత త అయినా, తెలుగువారు థ పొరపాటున రాసేది ఎక్కువగా ధగానే. కథను కధ అని రాసేవారు కోకొల్లలు. కాబట్టి థ, ధ, ద మూడూ ఒక గుంపు, త విడిగా ఉండాలి.

సున్న సంగతి జాగ్రత్తగా చూడాలి. వర్గాక్షరం ముందు అదే వర్గపు అనునాసికం పొల్లుతో వస్తే దానిని సున్నగా మార్చవచ్చు. సున్దరం, సుందరం ఒకటే. అయితే అన్న, అమ్మ వంటి ద్విత్వాలను ముట్టుకోకూడదు, జన్మ వంటి మాటలలో న వేరే వర్గపు అక్షరం ముందు ఉంది కనుక దానినీ కదపకూడదు. సింహాచలం, సిమ్హాచలం వర్గనియమానికి లొంగవు. హకారానికి ముందున్న మకారపు పొల్లును సున్నగా చూడాలని విడిగా ఒక నియమం పెట్టుకోవాలి. మన జిల్లాలో ఆ పేరు ఎంతమందికి ఉందో చెప్పనక్కరలేదు, ఆ ఒక్క నియమం చాలామందిని దొరికిస్తుంది.

పదం మొదట వచ్చే య, వ ల సంగతి మరొకటి. ఎండాడ, యెండాడ, ఊరు, వూరు, ఒకటి, వొకటి. యలమంచిలి, ఎలమంచిలి, యెలమంచిలి మూడూ వాడుకలో ఉన్నాయి. ఐ స్థానంలో అయి, ఔ స్థానంలో అవు రాయడం కూడా ఇంతే: పైడితల్లి, పయిడితల్లి.

సున్నాపొల్లు | మంగళవారం, ఉదయం 9:25

మాస్టారూ, నాకు కావలసింది ఇదే. ఉప్పుగాలి గారు ప్రతి పేరుకూ పక్కన మరొక గడిలో మాస్టారు చెప్పిన నియమాలతో తయారైన కీని, అంటే పోల్చడానికి మాత్రమే వాడే రూపాన్ని, దాచాలి. కొట్టిన పేరును కూడా అదే కీగా మార్చి పోల్చాలి. కృష్ణ, క్రుష్ణ, క్రిష్ణ మూడింటికీ క్రుస్న అన్న కీ వస్తుంది. ఈ నియమం వల్ల ప్రియ అన్న పేరు కీలో ప్రుయ అయిపోతుందని కంగారు పడవద్దు, కీని ఎవరికీ చూపించము. చూడడానికి ఎంత వికారంగా ఉన్నా ఫరవాలేదు, ఒకే పేరుకు ఒకే కీ వస్తే చాలు.

ఉప్పుగాలి | మంగళవారం, ఉదయం 11:00

మాస్టారికీ సున్నాపొల్లు గారికీ ధన్యవాదాలు. ఇంత చేస్తున్నప్పుడు హ్రస్వదీర్ఘాలను కూడా కలిపేయవచ్చు కదా? మా నమోదులలో వెంకట, వేంకట, మురళి, మురళీ, ఆరిలోవ, అరిలోవ అన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

కొండవాలు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఆ పని చేయవద్దు. రమ, రామ, రమా కలిసిపోతాయి. రవి, రావి కలిసిపోతాయి. మహాప్రాణాన్ని అల్పప్రాణంగా పలికితే తెలుగువాడు ఆ మనిషిని పోల్చుకుంటాడు. రామను రమ అంటే వేరే మనిషిని పిలిచాడనుకుంటాడు.

యారాడ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, పదం చివర మాత్రం కలపవచ్చునేమో. మురళి, మురళీ మధ్య తేడా సమాసం వల్ల వచ్చినదే. మురళీనగర్, మురళినగర్ రెండూ బోర్డుల మీద కనబడతాయి.

కొండవాలు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

ఇకారం విషయంలో ఒప్పుకుంటాను. చివరి ఇ, ఈ తేడాతో ఇద్దరు మనుషులు వేరుపడే పేరు నాకు వెంటనే తోచడం లేదు. అకారం విషయంలో రామ, రామా ఇబ్బంది పెడతాయి. మురళీనగర్‌లో ఆ దీర్ఘం పదం చివర లేదు, మధ్యలో ఉంది. కాబట్టి మీ నియమం దానిని అందుకోదు. ఊళ్ల పేర్లకు వేరే దారి చూసుకోవాలి.

పాతపోస్టాఫీసు | మంగళవారం, సాయంత్రం 5:30

హ్రస్వదీర్ఘాల వివాదానికి మధ్యేమార్గం ఉంది. ధాన్యాన్ని ముందు జల్లెడ పట్టి ఆ తరువాత చేటతో చెరిగినట్లు ఈ పనిని రెండు దశలుగా చేయాలి. మాస్టారి నియమాలతో తయారైన కీ మొదటి దశ. అందులో హ్రస్వదీర్ఘాలను కలపము. కీలు సరిపోనప్పుడు ఆ కీల మధ్యనే దూరం కొలవడం రెండవ దశ. అక్కడ అన్ని మార్పులకూ ఒకే ధర కట్టనక్కరలేదు. హ్రస్వానికి దీర్ఘం పడితే సగం, హల్లు మారితే ఒకటి అని పెట్టుకోండి. అప్పుడు వెంకటకు వేంకట సగం దూరంలో, సీతకు గీత పూర్తి ఒకటి దూరంలో ఉంటాయి. లూసీన్ వంటి ఇంజన్‌లో ఇలా ధరలు మార్చడానికి వీలుండదు, కనుక ఈ భాగాన్ని మీరే రాసుకోవాలి. దూరం కొలవడానికి వాగ్నర్, ఫిషర్ 1974లో ప్రచురించిన పట్టిక పద్ధతి ఇరవై ముప్పై పంక్తులలో వస్తుంది.

దూరాన్ని యూనికోడ్ గుర్తులలో కాక వర్ణాలలో కొలవండి. అంటే క అన్న అక్షరాన్ని క్, అ అని రెండుగా విడదీసి, పొల్లు అన్న గుర్తే లేకుండా చేయాలి. అప్పుడు ఏ హల్లు పోయిందో, ఏ అచ్చు మారిందో నేరుగా తెలుస్తుంది. కీ లేకుండా పోల్చినా సింహాచలం, సిమ్హాచలం యూనికోడ్ గుర్తులలో రెండు మార్పుల దూరంలో ఉంటే, వర్ణాలలో ఒక్క మార్పు దూరంలోనే ఉంటాయి. ఎన్ని మార్పులు ఒప్పుకోవాలన్నది మాత్రం వర్ణాలను కాక అక్షరాలను లెక్కపెట్టి నిర్ణయించండి. రెండక్షరాల పేరుకు హ్రస్వదీర్ఘాల తేడా మినహా మరేమీ ఒప్పుకోవద్దు. మూడు నాలుగు అక్షరాలకు ఒకటి, అంతకు మించితే రెండు. అప్పలనరసయ్య, అప్పలనర్సయ్య కలుస్తారు. రాజు, రాము విడిపోతారు.

ఉప్పుగాలి | మంగళవారం, రాత్రి 9:10

లక్ష పేర్లతో ఒక్కొక్కదానికీ పట్టిక వేసి దూరం కొలిస్తే కౌంటర్‌లో జనం లైను కట్టరా?

పాతపోస్టాఫీసు | మంగళవారం, రాత్రి 9:45

లెక్క వేసి చూడండి. ఒక్కొక్క పేరులో పన్నెండు వర్ణాలున్నాయనుకుంటే పట్టికలో 144 గడులు. లక్ష పేర్లకు కోటి నలభై నాలుగు లక్షల గడులు. ఈనాటి కంప్యూటర్‌కు ఇది సెకనులో చిన్న భాగం పని. పొడవులో తేడా రెండుకు మించిన పేర్లను ముందే వదిలేస్తే, ఒకే కీ ఉన్న పేర్లను ఒక్కసారే కొలిస్తే ఇంకా తగ్గుతుంది. లక్ష మందికి లక్ష వేరువేరు పేర్లుండవు కదా.

పట్టిక కోట్లకు పెరిగితే అప్పుడు వేరే ఏర్పాట్లు చూసుకోవచ్చు. పదాలను వాటి మధ్య దూరాన్ని బట్టి కొమ్మలుగా అమర్చే బీకే చెట్టు ఉంది, దానిని బుర్క్‌హార్డ్, కెల్లర్ 1973లో చెప్పారు. 2012లో వచ్చిన లూసీన్ 4 నుంచి, దూరపు హద్దు లోపల ఉన్న పదాలను మాత్రమే ఒప్పుకునే లెవెన్‌స్టైన్ ఆటోమేటన్‌లు వాడుతున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రైగ్రామ్ ఇండెక్స్ ఉంది, అది పేరును మూడేసి గుర్తుల ముక్కలుగా కోసి, ఎన్ని ముక్కలు ఉమ్మడిగా ఉన్నాయో చూస్తుంది; మామూలుగా 0.3 దాటితే పోలిక ఉన్నట్లు. అయితే అక్షరాలూ అంకెలూ కానివాటిని అది వదిలేస్తుంది, ఏది అక్షరమన్నది మీ లొకేల్‌ను, అంటే డేటాబేస్‌లోని భాషా ప్రాంతపు అమరికను, బట్టి ఉంటుంది. గుణింతపు గుర్తులు అక్షరాల లెక్కలోకి వస్తున్నాయో లేదో షో ట్రైగ్రామ్ ఫంక్షన్‌తో ముందే చూసుకోండి. ఇంకొక మాట: లూసీన్ 9లో తెలుగు విశ్లేషకం ఉంది గానీ, అందులో ప్రత్యయాలను కత్తిరించే భాగం కూడా ఉంది. వ్యాసాలకు అది పనికివస్తుంది, మనుషుల పేర్లకు పెట్టకండి.

కౌంటర్‌కిటికీ | బుధవారం, ఉదయం 6:30

మహారాణిపేటలో ఒక పరీక్షా కేంద్రంలో రోగుల నమోదు నా పని. మీ చర్చ మొత్తం చదివాను. మీరు అక్షరాలు చూస్తున్నారు, నేను మనుషులను చూస్తాను కనుక రెండు మాటలు చెబుతాను.

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది పేరు తాము రాయరు, చెబుతారు. శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి పెద్దాసుపత్రికి వచ్చి, అక్కడి నుంచి మా దగ్గరకు వస్తారు. ఆవిడ లచ్చిమి అంటుంది, ఆధార్‌లో లక్ష్మి అని ఉంటుంది. రమణను రవణ అంటారు, సత్యాన్ని సత్తెం అంటారు. వెంట వచ్చినవారు పేరు చెబితే అది ఇంకొక రకం. రద్దీలో ఎవరు ఏది విన్నారో అదే ఎక్కుతుంది.

రెండవ మాట, పేరును విరిచే చోటు. అప్పల నరసయ్య అని రెండు ముక్కలుగా ఒకరు, అప్పలనరసయ్య అని కలిపి ఒకరు కొడతారు. ఇంటిపేరు ముందు ఒకసారి, వెనుక ఒకసారి. ఒక్కోసారి ఇంటిపేరుకు పొడి అక్షరమే ఉంటుంది.

పోలిన పేర్లు చూపించేటప్పుడు దయచేసి పేరొక్కటే చూపించకండి. పక్కన ఊరు, వయస్సు, ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు ఉంటే రోగిని ఒక్క ప్రశ్న అడిగి తేల్చుకోగలుగుతాము. పేరు కలిసింది కదా అని ప్రోగ్రాము తనంతట తానే రెండు నమోదులను ఒకటి చేస్తే మాత్రం ఒకరి రిపోర్టు మరొకరి చేతిలో పడుతుంది. రెండు నమోదులు ఉండడం చిరాకు, ఇద్దరు మనుషులు ఒకే నమోదులో ఉండడం ప్రమాదం.

సున్నాపొల్లు | బుధవారం, ఉదయం 9:50

కౌంటర్‌కిటికీ గారు చెప్పిన విరుపు సంగతికి పరిష్కారం సులభం. కీ కట్టేటప్పుడు ఖాళీలనూ చుక్కలనూ తీసివేసి ఒక కీ, ముక్కలను అక్షరక్రమంలో పేర్చి మరొక కీ కట్టండి. ఏది కలిసినా చూపించండి.

మీట జారిన తప్పుల గురించి ఎవరూ చెప్పలేదు. అవి కీబోర్డును బట్టి మారతాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ లిపుల కీబోర్డు అమరికలో ద మీట మీద షిఫ్ట్ నొక్కితే ధ వస్తుంది, క మీట మీద ఖ వస్తుంది. అక్కడ షిఫ్ట్ తప్పితే మాధవధార మాదవదార అవుతుంది. మాస్టారి కీ దానిని ముందే సర్దేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతులలో సాధారణంగా చిన్న డి కొడితే ద, పెద్ద డి కొడితే డ. త, ట లకూ ఇంతే. అక్కడ షిఫ్ట్ తప్పితే ఎండాడ ఎందాడ అవుతుంది. ద, డ చెవికి పూర్తిగా వేరు కనుక కీలో కలపకూడదు. రెండవ దశలో ద–డ, త–ట జతలకు సగం ధర పెడితే చాలు. ఉప్పుగాలి గారూ, మీ కేంద్రాలలో ఏ కీబోర్డు వాడుతున్నారో ముందు కనుక్కోండి, ధరల పట్టిక దానిని బట్టే ఉంటుంది.

పాతపోస్టాఫీసు | బుధవారం, ఉదయం 11:20

ఏ రెండు నమోదులు ఒకే మనిషివో తేల్చే పనికి ఫెల్లెగి, సంటర్ 1969లో గణితపు పునాది వేశారు. వారి ఆలోచనలో మనకు కావలసిన భాగం ఇది: అందరికీ ఉండే విలువ సరిపోతే అది చిన్న సాక్ష్యం, అరుదైన విలువ సరిపోతే అది పెద్ద సాక్ష్యం. విశాఖలో అప్పారావు అన్న పేరు కలవడం వల్ల తేలేది తక్కువ. అరుదైన ఇంటిపేరు కలిస్తే చాలా తేలుతుంది. మీ పట్టికలోనే ఏ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కవేసి, ఆ లెక్కను వరుసక్రమంలో వాడండి. కలపాలా వద్దా అన్న తుది మాట కౌంటర్‌కిటికీ గారి వంటివారిదే కావాలి.

యారాడ | బుధవారం, మధ్యాహ్నం 2:00

ఊరు కూడా చూపిస్తామంటున్నారు కనుక చెబుతున్నాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు నమోదైన అనకాపల్లి, యలమంచిలి, పాడేరు వారందరికీ విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. ఇప్పుడు అదే మనిషి అనకాపల్లి జిల్లా అనో అల్లూరి సీతారామరాజు జిల్లా అనో చెబుతాడు. ఇక్కడ ఏ దూరమూ పనికిరాదు. జిల్లా తేడాను చూసి మనిషి వేరని తీర్మానించకుండా ఊరిని బట్టి పోల్చాలి.

ఊళ్లకూ పేటలకూ ఫజీ వెతుకులాట కంటే మారుపేర్ల పట్టిక మేలు. వైజాగ్‌ను ఎంత సాగదీసినా విశాఖపట్నం కాదు. భీమిలి, భీమునిపట్నం, ఆర్కే బీచ్, రామకృష్ణా బీచ్, పెదవాల్తేరు, పెద్దవాల్తేరు, మురళీనగర్, మురళినగర్. పేర్ల సంఖ్య పరిమితం కనుక ఒకసారి కూర్చుని రాసేస్తే పోతుంది. కొట్టగానే పట్టికలోంచి ఎంచుకోమంటే తప్పు రాసే అవకాశమే ఉండదు.

ఉప్పుగాలి | గురువారం, ఉదయం 10:15

కీ భాగం రాసి, పరీక్ష కోసం విడిగా పెట్టిన ప్రతి మీద నడిపాను. క్రిష్ణ అని కొడితే కృష్ణ మొదటి వరుసలో వస్తున్నది, సీతకు గీత రావడం లేదు. అచ్చంగా కలిసినవి పైన, కీ కలిసినవి తరువాత, దూరంతో వచ్చినవి ఒక గీత కింద ‘ఇటువంటి పేర్లు’ అన్న శీర్షికతో పెట్టాను. ఊరు, వయస్సు, ఫోను చివరి అంకెలు పక్కన ఉన్నాయి. నమోదులను కలిపే మీటను ఈ తెర మీద పెట్టలేదు.

లచ్చిమి–లక్ష్మి మాత్రం ఇంకా కలవడం లేదు. వర్ణాలలో కొలిచినా మూడు మార్పులు వస్తున్నాయి. హద్దును మూడుకు పెంచితే చెత్త అంతా వచ్చి పడుతున్నది.

పాతపోస్టాఫీసు | గురువారం, ఉదయం 11:05

హద్దు పెంచవద్దు. అటువంటి జతలను విడి పట్టికగా రాసుకోండి. ఏ జతలు కావాలో ఊహించి రాయనవసరం లేదు: కౌంటర్‌లో ఒక పేరు కొట్టి, దొరకక, మరొక విధంగా కొట్టి ఒక నమోదును ఎంచుకున్న ప్రతిసారీ ఆ రెండు రూపాలనూ రోగి వివరాలు లేకుండా దాచండి. అందులో సగం చూసి పట్టిక తయారుచేయండి, మిగతా సగాన్ని ముట్టుకోకుండా ఉంచి దాని మీద పరీక్షించండి. దొరకవలసినవి ఎన్ని దొరికాయో, దొరకకూడనివి ఎన్ని వచ్చాయో రెండూ లెక్కవేయండి. ఒకటే చూస్తే మోసపోతారు. హద్దు పెంచిన కొద్దీ మొదటి లెక్క ఎప్పుడూ బాగానే కనబడుతుంది.

కొండవాలు | గురువారం, సాయంత్రం 4:30

ఆ జతలు పోగయ్యేలోగా కొన్ని నేను ఇస్తాను. లక్ష్మి–లచ్చిమి, సత్యం–సత్తెం, సత్యబాబు–సత్తిబాబు, సూర్యనారాయణ–సూరినారాయణ, సన్యాసి–సన్నాసి, గౌరమ్మ–గవరమ్మ. వీటిలో కొన్నింటిని మీ దూరమే పట్టుకుంటుంది, ఉన్నా నష్టం లేదు. లక్ష్మితో మొదలయ్యే పేర్లన్నింటికీ ఆ జత వర్తించేలా, మొత్తం పేరుకు కాక ముక్కకు పెట్టండి.

చేర్చకూడనివి కూడా చెప్పాలి. సింహాచలం స్వామిని మనవారు అప్పన్న అంటారు. ఆయన పేరు మీద అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసయ్య అని ఇంటింటా ఉంటారు. ఇంట్లో వారిలో ఎవరినైనా అప్పన్న అనే పిలుస్తారు. కౌంటర్‌లో ఎవరో అప్పన్న అని కొట్టి అప్పలస్వామి నమోదును ఎంచుకుంటారు, మీ లాగ్‌లో ఆ జత పదేపదే కనబడుతుంది. దానిని పట్టికలోకి ఎక్కించారంటే సగం జిల్లా ఒకే తెర మీదకు వస్తుంది.

కౌంటర్‌కిటికీ | గురువారం, రాత్రి 8:50

మాస్టారు చెప్పింది నిజం. అప్పన్న అని చెప్పినవారిని ఆధార్‌లో ఎలా ఉందని మేమే అడుగుతాము, దానికి ప్రోగ్రాము అక్కరలేదు.